మా నాయనమ్మ ఉలవచారు, మూడు రంగుల వైరు

2024 సంక్రాంతికి ఊరెళ్ళాను. మాది గుడివాడ దగ్గర ఓ పల్లెటూరు. భోగిమంట ఇంకా పూర్తిగా ఆరనైనా లేదు, నాన్న నా చేతిలో రిమోట్ పెట్టి "ఒరేయ్, నాయనమ్మ ప్రోగ్రాం రావట్లేదు, కాస్త చూడు" అన్నారు. ఇంజనీరింగ్ చదివిన కొడుకు ఇంటికొస్తే ఫ్యాన్ రెగ్యులేటర్ నుంచి గీజర్ దాకా అన్నీ వాడి ఖాతాలోనే పడతాయని మీకు తెలియంది కాదు. రెండు నిమిషాల పనిలే అనుకున్నా. 4 రోజులు పట్టింది.

ముందు ఆ ప్రోగ్రాం సంగతి చెప్తాను. 2016లో ఒక టీవీ ఛానల్ వాళ్ళు పాతకాలం వంటల మీద ఏదో కార్యక్రమం తీస్తూ మా ఊరొచ్చారు. ఎవరో మా ఇల్లు చూపించారట. నాయనమ్మ పెరట్లో కట్టెల పొయ్యి మీద ఉలవచారు కాచి చూపించింది. టీవీలో వచ్చింది మొత్తం 7 నిమిషాలు. యాంకరమ్మాయి "కుక్కర్లో పెట్టేస్తే తొందరగా అయిపోదా బామ్మగారూ?" అని అడిగితే, "తొందరగా అయితే అవి ఉడికిన ఉలవలవుతాయే అమ్మాయ్, ఉలవచారెట్లా అవుద్ది?" అంటుంది. నాన్న అది డీవీఆర్ బాక్సులో రికార్డు చేసి పెట్టారు. 2019లో నాయనమ్మ పోయింది. ఫోటోలైతే చాలానే ఉన్నాయి గానీ ఆవిడ గొంతు మిగిలింది ఆ 7 నిమిషాల్లోనే. ఏటా ఆబ్దికం అయ్యాక, భోజనాలు చేసి అందరం కూర్చుని అది చూడడం మా ఇంట్లో ఒక ఆనవాయితీ అయిపోయింది.

2023 దసరాకి ఇంట్లో ఫైబర్ కనెక్షన్ పెట్టించాం. "ఇంక ఈ డిష్షుకి నెలనెలా రీఛార్జ్ దండగ నాన్నా, ఆపేయండి" అని సలహా ఇచ్చింది సాక్షాత్తూ నేనే. ఆయన ఆపేశారు. బాక్సు మాత్రం జాగ్రత్తగా గుడ్డ కప్పి ఉంచారు, అందులో వాళ్ళమ్మ ఉంది కాబట్టి.

సరే, బాక్సు ఆన్ చేశాను. రికార్డింగుల జాబితా వచ్చింది. నాయనమ్మ ప్రోగ్రాం పేరు కనిపిస్తోంది, తేదీతో సహా. ప్లే నొక్కితే 'మీ చందా గడువు ముగిసింది' అని సందేశం. నాన్న డిస్కు పాడయ్యిందేమో అని కంగారు పడుతున్నారు. డిస్కు నిక్షేపంలా ఉంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి చాలా మర్యాదగా, "సర్, రికార్డింగ్స్ చూడాలంటే కనెక్షన్ యాక్టివ్‌గా ఉండాలి సర్" అంది. అది 2016లో రికార్డు చేసుకున్నది, అప్పుడు డబ్బులు కట్టే చూశాం, బాక్సు మేం కొనుక్కున్నది అని నేను వాదించాను. "అర్థమయ్యింది సర్, కానీ యాక్టివ్‌గా ఉండాలి సర్" అంది. ఆ అమ్మాయిననేం లాభం!

ఒక నెల రీఛార్జ్ చేస్తే అయిపోతుంది, నిజమే. కానీ తర్వాతి నెల? ఆ తర్వాతి ఏడాది? అప్పటికే బాక్సు వయసు పదేళ్ళు. హార్డ్ డిస్కులకి కూడా ఆయుర్దాయం ఉంటుంది. కాబట్టి ఈసారి దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించేసి ఊరుకుందాం అనుకున్నా. ఇంట్లో బాక్సు నుంచి ఇంట్లోనే ఉన్న లాప్‌టాప్‌కి ఒక వీడియో పంపడం. ఆఫీసులో రోజూ టెరాబైట్లు అటూ ఇటూ తోసేవాడికి ఇదో లెక్కా?

లెక్కే. మొదటిరోజు బాక్సు వెనకాల ఉన్న నెట్‌వర్క్ పోర్టుకి కేబుల్ తగిలించాను. రూటర్ నుంచి ఐపీ అడ్రస్ అయితే తీసుకుంది గానీ మనకి పనికొచ్చే పోర్టు ఒక్కటీ తెరిచి లేదు. యూఎస్‌బీ పోర్టులో పెన్ డ్రైవ్ పెడితే కనీసం గుర్తించలేదు. రెండోరోజు నాన్న వద్దంటున్నా వినకుండా బాక్సు విప్పి, డిస్కు తీసి లాప్‌టాప్‌కి తగిలించాను. లినక్సులో ఫైళ్ళు కనిపించాయి, సైజులు కూడా సరిగ్గా సరిపోయాయి. తెరిస్తే అంతా గజిబిజి. ఎన్‌క్రిప్ట్ చేసేశారు. తాళం చెవి ఆ బాక్సు చిప్‌లోనో, స్మార్ట్ కార్డులోనో ఉంటుంది, బయటికి రాదు. డిస్కు మళ్ళీ బిగించి, పనిచేస్తుందో లేదో చూసుకునేదాకా నాన్న అక్కణ్ణుంచి కదల్లేదు. మూడోరోజు విజయవాడ వెళ్ళి హెచ్‌డీఎంఐ క్యాప్చర్ కార్డు కొనుక్కొచ్చాను. నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. అవతల ఉన్నది టీవీయేనా కాదా అని బాక్సు అడుగుతుంది, సరైన జవాబు రాకపోతే బొమ్మ పంపదు. హెచ్‌డీసీపీ అంటే అదే.

నాలుగోరోజు అమ్మ కనిపెట్టింది, కంప్యూటర్ గురించి ఏమీ తెలియని మా అమ్మ. "పాత టీవీకి ఎర్ర వైరు, తెల్ల వైరు, పసుపు వైరు పెట్టేవాళ్ళం కదరా, అవి దీనికి పెట్టవా?" అంది. అటక మీంచి పాత ఏవీ కేబుల్ దింపాం. గుడివాడలో ఆ మూడు వైర్లని యూఎస్‌బీకి కలిపే చిన్న డబ్బా దొరికింది. ఒక నెలకి రీఛార్జ్ చేసి, ప్లే నొక్కి, లాప్‌టాప్‌లో ఓబీఎస్‌తో రికార్డు చేశాను. వచ్చేసింది! రంగులు కాస్త వెలిశాయి, గీతలు గీతలుగా ఉంది. మధ్యలో ఓసారి నాయనమ్మ నుదుటి మీద బాక్సు నెంబరు మెరిసి మాయమయ్యింది. ఎవరు కాపీ చేశారో పట్టుకోవడానికి డీటీహెచ్ వాళ్ళు వేసే నెంబరు అది. ఆ ముద్ర ఇప్పుడు మా కుటుంబ వారసత్వంలో భాగం :)

ఇక్కడితో కథ సుఖాంతమే. కానీ నాకు ఒళ్ళు మండిన సంగతి ఇక్కణ్ణుంచే మొదలు.

దీంట్లో సాంకేతికంగా కష్టమేమీ లేదు. ఉపగ్రహం నుంచి వచ్చిన డిజిటల్ సిగ్నల్‌నే బాక్సు డిస్కు మీద రాసుకుంటుంది. మామూలు ఛానల్ సెకనుకి 4 మెగాబిట్లు అనుకుంటే గంటకి 1.8 జీబీ. మా నాయనమ్మ 7 నిమిషాలు 210 ఎంబీ. ఏ పాత వైఫై అయినా దాన్ని అలవోకగా మోస్తుంది. పైగా ఈ పని ప్రపంచం ఎప్పుడో చేసి చూసింది. అమెరికాలో టీవో అనే డీవీఆర్ 1999లో వచ్చింది. 2005 జనవరికల్లా ఆ కంపెనీ టీవోటుగో అనే సదుపాయం ఇచ్చింది. రికార్డింగులని ఇంటి నెట్‌వర్క్ మీదుగా కంప్యూటర్లోకి దించుకోవచ్చు. ఫైలుకి తాళం ఉంటుంది, కానీ ఆ తాళం చెవి యజమానికి కూడా ఇచ్చారు. అదే ఏడాది స్లింగ్‌బాక్స్ వచ్చింది. ఇంట్లో డీవీఆర్‌కి దీన్ని తగిలిస్తే, ఇంట్లో బాక్సులో ఉన్నది ఎక్కడో ఊళ్ళో ఉన్న కంప్యూటర్లో చూసుకోవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొందరు ఇండియాలో అమ్మానాన్నల ఇంట్లో దీన్ని పెట్టించుకుని తెలుగు ఛానళ్ళు చూసేవాళ్ళు. మరి ఇరవయ్యేళ్ళ కింద అయిన పని మా ఇంట్లో ఎందుకు కాలేదు?

చట్టం ఒప్పుకోదేమో అనుకుంటాం. నేనూ అలానే అనుకున్నాను. అమెరికాలో ఈ గొడవ 1984లోనే తేలిపోయింది. వీసీఆర్‌తో జనం టీవీ కార్యక్రమాలు రికార్డు చేసుకుంటున్నారని యూనివర్సల్, డిస్నీ కంపెనీలు సోనీ మీద కేసు వేస్తే, ఇంట్లో తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం తప్పు కాదని వాళ్ళ సుప్రీంకోర్టు 5-4 తేడాతో తీర్పు చెప్పింది. ఒక్క జడ్జి అటు మొగ్గి ఉంటే ఈ డీవీఆర్ కథే వేరుగా ఉండేది.

మన దేశంలో అంత దూరం కూడా పోనక్కర్లేదు. మన 1957 కాపీరైట్ చట్టంలో 39వ సెక్షన్ ఉంది. ప్రసారాన్ని సొంత వాడకం కోసం రికార్డు చేసుకుంటే ప్రసారకర్త హక్కుకి భంగం కాదని అందులో స్పష్టంగా రాసి ఉంది. నేను లాయర్ని కాను, కానీ ఆ వాక్యం అర్థం కావడానికి లాయర్ అవ్వనక్కర్లేదు. 2012లో తాళాలు బద్దలుకొట్టడం మీద 65ఏ సెక్షన్ చేర్చారు. అది కూడా హక్కులకి భంగం కలిగించాలన్న ఉద్దేశంతో బద్దలుకొట్టేవాడి గురించే మాట్లాడుతుంది.

మరి తాళం ఎక్కణ్ణుంచి వచ్చింది? కంపెనీ దుర్మార్గం అనేస్తే సరిపోదు. ట్రాయ్ 2017 ఇంటర్‌కనెక్షన్ నిబంధనల్లో సెట్‌టాప్ బాక్సులు ఎలా ఉండాలో రాశారు. రికార్డు చేసే బాక్సులకి కాపీ రక్షణ ఉండి తీరాలన్నది అందులో ఒకటి. ఛానల్ వాళ్ళు కూడా అదే అడుగుతారు. తాళం వెయ్యకపోతే వాళ్ళ ఛానల్ ఇవ్వరు. వాళ్ళ భయం వాళ్ళది, తప్పనను.

అంటే ఇదీ పరిస్థితి. రికార్డు చేసుకోవచ్చని ఒక చట్టం చెప్తుంది. కాపీ కాకుండా చూడమని ఇంకో నిబంధన చెప్తుంది. రెంటికీ మధ్య ఒక వాక్యం తక్కువయ్యింది. "కొనుక్కున్నవాడు రికార్డు చేసుకున్నది, చందా ఉన్నా లేకపోయినా, వాడింట్లో వాడు చూసుకునే దారి ఉండాలి" అనే వాక్యం. దాన్ని ఎవరూ రాయలేదు కాబట్టి కోడ్ రాసేవాడు తనకి తేలికైనట్టు రాసుకున్నాడు. చందా ఉందా? ఉంటే ఆడించు, లేకపోతే ఆపెయ్. ఒక్క ఇఫ్, ఒక్క ఎల్స్. చట్టం ఇచ్చిన హక్కు ఆ ఎల్స్‌లో పడి పోయింది.

"ఈ రోజుల్లో డీవీఆర్ ఎవరిక్కావాలోయ్, అన్నీ ఓటీటీలో ఉన్నాయిగా" అన్నాడు మా టీమ్‌లో ఒకతను. సినిమాలున్నాయి, సీరియళ్ళున్నాయి. ఎనిమిదేళ్ళ కిందటి జిల్లా వంటల కార్యక్రమం ఏ ఓటీటీలో ఉంది? నేను వెతికాను. ఆ ఛానల్ యూట్యూబ్ పేజీలో కూడా లేదు. ఉన్నా రేపు ఉంటుందన్న హామీ లేదు. టీవీలో మన కుటుంబాలకి సంబంధించినవన్నీ ఇలాంటివే.. చిన్నప్పుడు పాటల పోటీలో పాడిన చెల్లెలు, స్టూడియోకి ఫోన్ చేసి మాట్లాడిన మావయ్య, వరదల వార్తల్లో అర నిమిషం కనిపించిన మన వీధి. వీటికి మార్కెట్ లేదు. మార్కెట్ లేనిదాన్ని దాచేది ఇంట్లోవాళ్ళే. వాళ్ళ చేతులు కట్టేస్తే ఇంకెవరూ దాచరు.

ఇంకో వాదన పైరసీ. తాళం తీస్తే రేపు అన్నీ టెలిగ్రామ్‌లో తేలతాయి అంటారు. తాళం ఉన్న ఇన్నేళ్ళలో తేలకుండా ఆగినవేంటో నాకు చూపించండి. పైరసీ చేసేవాడికి వేరే దార్లు ఉన్నాయి. మా నాన్న డబ్బా విప్పి చేసేది కాదది. ఈ తాళం ఆపగలిగింది మా నాన్ననే. పైగా నా 4 రోజుల పాట్లు చూశారుగా.. చివరికి మూడు రంగుల వైరు దగ్గర తాళం ఊడిపోయింది. పట్టుదల ఉన్నవాడికి దారి దొరుకుతుంది. ఇంట్లో ఇంజనీరు లేని పక్కింటాయనకి దొరకదు. తేడా అంతే.

స్లింగ్‌బాక్స్ గతి కూడా చెప్పాలి. ఆ కంపెనీ 2020లో అమ్మకాలు ఆపేసి, 2022 నవంబర్ 9న సర్వర్లు కట్టేసింది. జనం ఇళ్ళల్లో ఉన్న పెట్టెల్లో ఏ లోపమూ లేదు. కానీ వాటిని వాడే యాప్ ఆ సర్వర్లతో మాట్లాడందే పనిచెయ్యదు కాబట్టి ఒక్క రోజులో అవి ఉత్త డబ్బాలయ్యాయి. తర్వాత ఔత్సాహికులు రాసిన ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం పుణ్యమా అని కొన్ని మోడళ్ళు మళ్ళీ లేచి కూర్చున్నాయి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి బొమ్మ పోవడానికి మధ్యలో ఎవరి సర్వరో బతికి ఉండాలంటే, అది మన వస్తువు కాదు, అద్దెకి తెచ్చుకున్నది.

ఇంత చెప్పాక నా సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం. నేను మొదట్లో పనిచేసిన కంపెనీలో పాఠాలు డౌన్‌లోడ్ చేసుకుని చదువుకునే ఒక యాప్ ఉండేది. 'చందా అయిపోగానే ఫోన్‌లో దాచుకున్నవి చెరిపెయ్యాలి' అన్న టిక్కెట్ నాకు వచ్చింది. రెండ్రోజుల్లో రాసేశాను. పిల్లలు ఆ పాఠాల పక్కన రాసుకున్న సొంత నోట్సు కూడా వాటితోపాటే పోతుందని టెస్టింగ్‌లో ఒకమ్మాయి చెప్పింది. "అవసరాల పత్రంలో నోట్సు గురించి ఏమీ రాయలేదు కదా" అన్నాను. ఆ నెల నాకు మెచ్చుకోలు మెయిల్ కూడా వచ్చింది. సంక్రాంతినాడు మా నాన్న ఆ టీవీ ముందు నిలబడి ఉండగా ఆ టిక్కెట్ గుర్తొచ్చింది. ఎక్కడో హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో నాలాంటివాడే ఒకడు ఈ బాక్సు కోడ్ కూడా రాసి ఉంటాడు. వాడికీ ఎవరో మెచ్చుకోలు మెయిల్ పంపే ఉంటారు. వాడూ చెడ్డవాడు కాదు. వాడికీ ఓ నాయనమ్మ ఉండే ఉంటుంది.

అందుకే ఇది మనవాళ్ళతో చెప్పుకుంటున్నాను. సెట్‌టాప్ బాక్సుల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు, యాప్‌లు రాసేవాళ్ళు మనలోనే ఎంతమంది లేరు! నేనడిగేది పెద్ద విప్లవమేమీ కాదు. చందా ఉన్నప్పుడు రికార్డు చేసుకున్నది చందా పోయాక కూడా ఆ బాక్సులో ఆడాలి. అదే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్‌కి, బయటి సర్వర్‌తో పని లేకుండా, స్ట్రీమ్ అవ్వాలి. కావాలంటే తాళం వేసే పంపండి, టీవోవాళ్ళలా చెవి మా చేతిలో పెట్టండి, బాక్సు నెంబరు కూడా నిక్షేపంగా అచ్చు వేసుకోండి. బాక్సు చచ్చిపోయే ముందు అందులోవి కొత్తదానిలోకి మార్చుకునే వీలుండాలి. ట్రాయ్ వాళ్ళు నిబంధనలు మార్చే ముందు ముసాయిదా పెట్టి అభిప్రాయాలడుగుతారు. ఈసారి అడిగినప్పుడు నేను ఆ తక్కువైన వాక్యం రాసి పంపుతాను. మీరూ పంపండి. టిక్కెట్ మీ దగ్గరికొస్తే మాత్రం నాలాగా 'పత్రంలో లేదు కదా' అనకండి. ఆ ప్రశ్న అడగగలిగింది ఆ గదిలో మీరొక్కరే కావచ్చు.

ఈలోగా నేను చేసింది ఒకటుంది. ఊళ్ళో డీడీ ఫ్రీ డిష్ పెట్టించాను. దానికి నెలవారీ చందా లేదు, చాలా ఛానళ్ళు తాళం లేకుండానే వస్తాయి. ఓ యూఎస్‌బీ ట్యూనర్, ఓ రాస్ప్‌బెర్రీ పై, అందులో టీవీహెడ్‌ఎండ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్. నాన్న సప్తగిరిలో వ్యవసాయం కార్యక్రమాలు రికార్డు పెట్టుకుంటారు. అవి మామూలు ఫైళ్ళు, ఎక్కడికైనా పోతాయి. ఊళ్ళో ఫైబర్‌కి పబ్లిక్ ఐపీ లేదు కాబట్టి మధ్యలో చిన్న వీపీఎన్ పెట్టుకున్నాను. కొండాపూర్‌లో నా గదిలో లాప్‌టాప్ తెరిచి నాన్న నిన్న రికార్డు చేసింది చూస్తుంటాను. పాత ఎంపెగ్-2 ఛానళ్ళు బ్రౌజర్‌లో ఆడవు, వీఎల్‌సీలో అయితే బ్రహ్మాండంగా ఆడతాయి. డబ్బు కట్టే ఛానళ్ళు మాత్రం ఇందులో రావు. అమ్మ సీరియళ్ళన్నీ అక్కడే ఉన్నాయి కనుక ఆవిడ దృష్టిలో నేను చేసినదాని విలువ సున్నా.

నాయనమ్మ 7 నిమిషాలు ఇప్పుడు నాలుగు చోట్ల ఉన్నాయి. పై మీద, నా లాప్‌టాప్‌లో, అత్త ఇంట్లో పెన్ డ్రైవ్‌లో, నాన్న ఫోన్‌లో. పోయిన ఆబ్దికానికి నాన్న రిమోట్ జోలికి పోలేదు. ఫోన్ తీసి గోడకి ఆనించి పెట్టారు. మా అత్త మనవరాలు, నాయనమ్మని ఎప్పుడూ చూడని పిల్ల, "ఈవిడెవరు?" అని అడిగింది.

ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడు మీ నాన్నగారి బాక్సులో రికార్డింగుల జాబితా ఒకసారి చివరిదాకా చూడండి. రీఛార్జ్ ఆపెయ్యమని సలహా ఇవ్వబోయే ముందే చూడండి. అటక మీద ఎర్ర, తెల్ల, పసుపు వైరు ఉంటే పారెయ్యకండి.